పరారుణంలో లేచిన గీత

"ఇక చూడటానికి ఏం మిగిలింది మేష్టారూ?" అని అడిగింది సుభాషిణి.

పరాంకుశంగారు ఎవరి ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పే మనిషి కారు. ఆ కొండమీది వేధశాలలో ఒకే ఒక్క నక్షత్రాన్ని కనిపెట్టుకుని ఉండగానే ఆయన జుట్టు నెరిసింది. కొన్ని దశాబ్దాలకోసారి భగ్గుమని, మళ్లీ అణగిపోయే నోవా అది. తన పరిశోధన అంతా దానిమీదే పెట్టుకుని సుభాషిణి ఆయన దగ్గర చేరింది. తీరా అది భగ్గుమన్న వారంలోనే చీరాలలో ఆమె తండ్రికి ప్రాణంమీదికి వచ్చింది. టెలిస్కోపు వదిలి పరుగెత్తింది. కూతుర్ని గుర్తుపట్టకుండానే ఆయన కన్నుమూశాడు. పెద్దకర్మ కానిచ్చి కొండెక్కేసరికి నక్షత్రమూ మసకబారింది. అది మళ్లీ మండేనాటికి గురువు ఉండరు. తను ఉన్నా, ముసలిదై ఉంటుంది.

గురువు ఓదార్చలేదు. "పొద్దు గూకింది. నక్షత్రం పడమట దిగకముందే పట్టాలి, రా," అన్నారు.

ఆమె మనసు లేకుండానే టెలిస్కోపు తిప్పింది. ముందు మామూలు వెలుగులో వర్ణపటం తీసింది. మొదటి రోజుల్లో ఇతరులు తీసిన పటాల్లో నిలువునా లేచిన గీతలు ఇప్పుడు కుంగిపోయి ఉన్నాయి. చివరిసారి ముట్టుకున్న తండ్రి చల్లని పాదాలు గుర్తొచ్చాయి.

"చల్లారిపోయింది మేష్టారూ."

"పరారుణంలో తియ్యి."

కంటికి అందని వెలుగును పట్టే పరికరం బిగించింది. ఆకాశంలో ఎరుపు పోయేదాకా ఆ వెలుగును పోగుచేసింది. అప్పుడు తెరమీద ఒక గీత లేచింది, సన్నగా, నిటారుగా. సిలికాన్ గీత. లక్షల డిగ్రీల వేడిలో తప్ప అది పుట్టదని ఆమెకు తెలుసు. పేలుడులో ఎగజిమ్మిన వాయువు దానికి జంటగా తిరిగే పక్క నక్షత్రం వదిలే గాలిని ఢీకొని, అక్కడ ఇంకా కుతకుతలాడుతోంది.

"లోపల ఇంత ఉందా? పైకి ఏమీ లేదే!" అంటూనే సుభాషిణి కుర్చీలో కూలబడింది. చితి దగ్గర రాని ఏడుపు, పెద్దకర్మనాడూ రాని ఏడుపు, అప్పుడు వచ్చింది. మోకాళ్లమీదికి వంగిపోయి, ఊపిరి అందకుండా ఏడ్చింది.

పరాంకుశంగారు ఊరుకోమనలేదు. దీపం వేయబోయి, చేయి వెనక్కి తీసుకున్నారు.

"ఇది ఇప్పట్లో చల్లారేది కాదమ్మా," అన్నారు.