గుండం పక్కన రెండు పాదాలు

ఓబులేసుకు వచ్చిన కష్టమల్లా ఒక్కటే. సున్నా రావాల్సిన చోట సున్నా రావడం లేదు.

అతని పరిశోధన చార్మ్ క్వార్కులనే సూక్ష్మ కణాల మీద. సీసం కేంద్రకాల్ని వెలుగుతో పోటీపడేంత వేగంగా ఎదురెదురు గుద్దిస్తే, ఆ దెబ్బకు అవి కరిగి, రెప్పపాటులో లక్షోవంతు కూడా లేని కాలం పాటు మహా వేడి ద్రవమవుతాయి. అతని గైడు మౌలాలి సారు క్లాసులో దాన్ని పులుసు అనేవాడు. ఆ పులుసు ఊరికే ఉండదు, పారుతుంది. గుద్దుకున్న చోటు బాదంపప్పులా ఉంటుంది కాబట్టి, పప్పు సన్నంగా ఉన్న దిక్కుకు ఎక్కువ జోరుగా పారుతుంది. తేలిక కణాలన్నీ ఆ దిక్కుకే కొట్టుకుపోతాయి.

చార్మ్ క్వార్కు కథ వేరు. అది బాగా బరువు. పైగా పులుసు తయారుకాక ముందే, మొట్టమొదటి దెబ్బకే పుడుతుంది. అప్పటినుంచి చివరిదాకా ఉండి అంతా చూస్తుంది. అంత బరువైనది, అంత కొద్దిసేపట్లో, ఎటూ కొట్టుకుపోదని ఓబులేసు నమ్మకం. దాని ప్రవాహం సున్నా అని గైడుతో, గోడతో, హాస్టల్ వంటమనిషితో కూడా వాదించాడు.

నిజం చెప్పాలంటే ఈ నమ్మకంలో అతని ఒంటి బరువు కూడా కొంత కలిసి ఉంది. ఓబులేసు భారీ మనిషి. హాస్టల్లో అతను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీలో మళ్ళీ ఇంకొకడు కూర్చునే పని లేదు. బస్టాండులో జనం విరగబడి తోసుకుంటుంటే అతను బండరాయిలా నిలబడి, గాలికి ఆకుల్లా అటూ ఇటూ పోయే స్నేహితుల్ని చూసి నవ్వేవాడు. "గుంపులో కొట్టుకుపోయే ఒళ్ళు కాదురా ఇది, బుర్ర అంతకంటే కాదు" అనేవాడు.

లెక్కల్లో మాత్రం చార్మ్ కొట్టుకుపోతూనే ఉంది. తేలిక కణాలకంటే రవ్వంత తక్కువ, అంతే తేడా. ఎక్కడో తప్పు జరిగిందనుకున్నాడు. వెతికాడు. ఒక తప్పు దొరికింది, తీసేశాడు. విలువ కొంచెం తగ్గింది. ఇంకోటి వెతికాడు. తప్పు కాకపోయినా తప్పులా కనిపించినదాన్ని కూడా తీసేశాడు. అలా తీసీ తీసీ ఒకనాటికి సున్నా తెచ్చాడు. ఆ రోజు స్నేహితులందరికీ బిర్యానీ పెట్టించాడు.

థీసిస్ అచ్చయి, అట్ట వేసుకుని వచ్చింది. మిగిలింది మౌలాలి సారు సంతకం. ఆయన ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన పెట్టకపోతే ఓబులేసు వేరే గైడును వెతుక్కుని మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. పెట్టాక అందులో తప్పు బయటపడితే, బతుకంతా లెక్క తప్పని మనిషి ఆఖరి సంతకం తప్పు మీద పెట్టినట్టవుతుంది. ఈ రెండో సంగతి ఓబులేసు బుర్రలోకి రాలేదు.

సారు థీసిస్ అంతా ఓపిగ్గా చదివాడు. అట్ట మూసి ఒకటే అడిగాడు.

"సున్నా వచ్చినాక గూడా తప్పులు ఎతికినావా?"

"వచ్చేసింది కదా సార్, ఇంకెందుకు?"

సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. "రేపు మా ఊరికి రా. పీర్ల పండగ ఆఖరి దినం. దీన్ని గూడా పట్టుకురా. సంతకం ఆడ పెడతా" అన్నాడు.

మరునాడు పొద్దు వాలుతుండగా ఓబులేసు నంద్యాల అవతల ఒక పల్లెలో బస్సు దిగాడు. పండగన్నారే కానీ వీధుల్లో నరపురుగు లేదు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద ఎవరిదో చంటిబిడ్డ ఉయ్యాల ఊగుతోంది, ఊపే మనిషి లేదు. ఛీ, గాలికి ఊగుతోందిలే అనుకుని గబగబా నడిచాడు.

పీర్ల చావిడి ముందు గోడలు కట్టిన పెద్ద ఆవరణ ఉంది. నడుమ గుండంలో తుమ్మ మొద్దులు మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతున్నాయి. మౌలాలి సారు చావిడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యూనివర్సిటీలో ఇస్త్రీ చొక్కా తప్ప ఎరగని మనిషి, ఇక్కడ లుంగీతో, తలకు పచ్చగుడ్డతో ఇంకెవరిలాగో ఉన్నాడు. ఒక ముసలామె బిందెతో నీళ్ళు తెచ్చి ఆవరణంతా చల్లుతోంది. చావిడిని కనిపెట్టుకుని ఉండే దస్తగిరమ్మ ఆమె.

"జనమేరి సార్?" అన్నాడు ఓబులేసు.

"వస్తారు. నువ్వు అందరికంటే ముందొచ్చినావు. చెప్పులు బయట ఇడిసిరా."

ఇడిచి వచ్చాడు. సారు అతని రెక్క పట్టుకుని గుండానికి కాస్త పక్కగా నిలబెట్టాడు. తడిసిన ఎర్రమట్టిలో ఓబులేసు పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి.

"పీర్లు లేసి కాలవకు పొయ్యేదాకా ఈన్నే నిలబడు. కదలకుంటే సంతకం పెడతా."

"ఇంతేనా సార్!" ఓబులేసుకు నవ్వొచ్చింది. "నన్ను తోసే మొనగాడు ఈ ఊళ్ళో ఉన్నాడా?"

"నిన్ను ఎవరూ తొయ్యరు" అన్నాడు సారు. అతని చేతిలోని థీసిస్ తీసుకుని, చంకలో పెట్టుకుని అరుగు దగ్గరికి వెళ్ళిపోయాడు.

దస్తగిరమ్మ నీళ్ళు చల్లుతూ దగ్గరికొచ్చి ఓబులేసును కింద నుంచి పైదాకా చూసింది. "ఈడ నిలబడినోళ్ళు ఈడ ఉండరప్పా" అంది మెల్లగా. బెదిరించినట్టు కాదు, ఆ దారిలో గుంత ఉంది చూసుకో అన్నట్టు అంది.

ఓబులేసు పట్టించుకోలేదు. ఎంతైనా సైన్సు మనిషి కదా, ముందు ఒక గుర్తు పెట్టుకోవాలనుకున్నాడు. చావిడి వాకిలి పక్కన గూట్లో చిన్న దీపం వెలుగుతోంది. దాని మీద చూపు నిలిపాడు. ఆ దీపం తన ముక్కుకు సూటిగా ఉన్నంతసేపూ తాను కదలనట్టే లెక్క.

తప్పెటలు మొదలయ్యాయి. ముందు ఎక్కడో దూరంగా ఒకటి. తర్వాత ఇంకో సందులోంచి ఇంకోటి. అప్పటిదాకా మూసి ఉన్న తలుపుల్లోంచి ఇంతమంది ఎట్లా వచ్చారో, రెండు కొసల వాకిళ్ళ నుంచీ జనం ఆవరణలోకి వచ్చి నిండిపోయారు. కేకల్లేవు. అడుగుల చప్పుడు కూడా లేదు. ఊదు పొగ మాత్రం లేచింది. చావిడిలోంచి వెండి పీర్లు తలల మీదుగా బయటికొచ్చాయి. అప్పుడు లేచింది కేక, ఒక్కసారిగా, ఒక్క గొంతుతో లేచినట్టు.

జనం గుండం చుట్టూ తిరగసాగారు. ఓబులేసు బిగదీసుకుని నిలబడ్డాడు. ఆశ్చర్యం, ఎవరూ అతన్ని తాకలేదు. ఎంత కిక్కిరిసినా అతని చుట్టూ జానెడు ఖాళీ అట్లాగే ఉంది. చూశారా, రాయి అడ్డముంటే నీళ్ళే పక్కకు పోవాలి అనుకున్నాడు. తన థీసిస్ ముగింపు మాటలు మనసులో చదువుకున్నాడు. దీపం సూటిగానే ఉంది.

తప్పెట దెబ్బ అరికాళ్ళలోంచి ఎక్కి మోకాళ్ళలో ఆగినట్టనిపించింది. ఆగనీలే అనుకున్నాడు. పక్కనున్నవాళ్ళ మొహాలు పొగలో సగం సగం కనిపిస్తున్నాయి. ఒక మొహం బాగా తెలిసినట్టుంది కానీ ఎవరిదో గుర్తు రాలేదు. ఎవరో గొంతు పగిలేట్టు అరుస్తున్నారు. ఎవడబ్బా ఇంత గట్టిగా, చెవి పక్కనే అరుస్తున్నాడు అనుకున్నాడు. దీపం సూటిగానే ఉంది. జానెడు ఖాళీ అట్లాగే ఉంది. దీపం సూటిగానే ఉంది.

తప్పెటలు టక్కున ఆగిపోయాయి.

కాళ్ళకు చల్లగా తగిలింది. ఓబులేసు కిందికి చూశాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు. అతను కాలువలో నిలబడి ఉన్నాడు.

చుట్టూ జనం పీర్లను కడిగి మెల్లగా గుడ్డల్లో చుట్టుకుంటున్నారు. అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. చావిడి ఎక్కడో చేల అవతల, చెట్ల సందున చిన్నగా కనిపిస్తోంది. దీపం లేదు. నేనెప్పుడు వచ్చాను ఇక్కడికి అని పక్కన ఉన్న కుర్రాణ్ణి అడగబోయాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది.

"మాట్లాడొద్దులేన్నా, రేపటికి సర్దుకుంటాది" అన్నాడు కుర్రాడు, అతని భుజం తట్టి. "అందర్లోకి నీ గొంతే గదా ఇనపడింది."

ఓబులేసు నీళ్ళలోంచి గట్టెక్కి ప్యాంటు పైకి లాగి చూసుకున్నాడు. నీళ్ళు తాకని చోటల్లా, తొడల దాకా, గుండం బూడిద. కాలిన మచ్చ ఒక్కటి లేదు. ఆ బూడిద చూసేసరికి అతనికి నిజంగా భయమేసింది. చిన్నప్పుడు తిరునాళ్ళలో అమ్మ చెయ్యి జారిపోయినప్పుడు వేసిన భయం అది. తనకు తెలియకుండా తనలోంచి ఎవరో అరిచారు, ఎవరో నడిచారు. ఎక్కడెక్కడ నడిచారో అడగడానికి గొంతు లేదు. చేల గట్ల మీద పడి అంత లావు మనిషీ పరుగెత్తాడు.

ఆవరణ మళ్ళీ ఖాళీగా ఉంది. సందె వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. కాలువ వైపు గోడలో, ఇందాక తను చూడనే చూడని సన్నటి దారి ఒకటుంది. ఇప్పుడు ఆ దారిలోనే తను లోపలికొచ్చాడు. ఆవరణ బాదంపప్పులా అటూ ఇటూ పొడుగ్గా ఉండి, ఆ దిక్కున బాగా సన్నంగా ఉందని అప్పుడు గమనించాడు.

దస్తగిరమ్మ అరుగు తుడుస్తోంది. ఓబులేసు వాకిలి పక్క గూటికేసి చెయ్యి చూపించాడు. "దీపం..." అన్నాడు, గుసగుసగా, గొంతు నొప్పి పుట్టేలా.

"ఆ దీపమా? పీర్లు లేసే ముందరే దాన్ని కొండెక్కిచ్చినా గదప్పా" అంది ఆమె. "పీర్లు బయటికి పోతే ఈడ ఎలుగు ఉంచం."

మరి ఇంతసేపూ తాను చూసిందేమిటి?

"ఈ పక్కకు రా" అని పిలిచాడు సారు.

ఆయన గుండం దగ్గర నిలబడి ఉన్నాడు. ఓబులేసు వెళ్ళాడు. ఆవరణలో ఎర్రమట్టి అంతా వేల పాదాలు తొక్కి తొక్కి బురద పిసికినట్టుంది. ఆ నడుమ ఒక మనిషి నిలబడి, చుట్టూ జానెడు ఖాళీ ఉండేంత మేర మట్టిని ఎవరూ తొక్కలేదు. అందులో రెండు పాదాల గుర్తులున్నాయి. లోతుగా, పక్కపక్కనే, చావిడి వాకిలికి ఎదురుగా. అంత లోతుగా దిగబడే పాదాలు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేవు.

ఓబులేసు గొంతుక్కూచున్నాడు. ఆ రెండు గుర్తుల ముందు వేళ్ళతో తడుముతూ తన తర్వాతి అడుగు కోసం చూశాడు. లేదు. వెనక చూశాడు, అటూ ఇటూ చూశాడు. ఎక్కడా లేదు. అక్కడ నిలబడ్డవాడు అక్కణ్ణించి అడుగు తీసి అడుగు వేసినట్టే లేదు. ఆ గుంటల్లోకి ఊరిన నీళ్ళు మాత్రం సన్నగా వణుకుతున్నాయి.

మౌలాలి సారు చంకలోంచి థీసిస్ తీసి, సంతకం పేజీ తిప్పి, మోకాలి మీద ఆనించుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

"దీన్ని బట్టి చూస్తే నువ్వు కదిలినట్టే లేదు అబ్బీ" అన్నాడు, ఆ రెండు గుర్తులకేసి చూస్తూ. "సున్నా. మాట ప్రకారం నేను సంతకం పెట్టాల. పెట్టేదా?"

ఓబులేసు ప్యాంటు అంచుల నుంచి కాలువ నీళ్ళు కారి ఆ పాదాల గుర్తుల పక్కన పడుతున్నాయి. అతను లేచి నిలబడ్డాడు. తడి చేత్తో సారు వేళ్ళ మధ్య నుంచి పెన్ను మెల్లగా తీసుకుని, మూత పెట్టాడు.