పైడమ్మ చూసిన తిమింగలం

"స్వామీ, నాకు సన్యాసం ఎప్పుడిస్తారు?" అని జగ్గారావు అడగని రోజు లేదు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం తమ్ముడికి అప్పగించి, కొండమీది ఆశ్రమంలో తిష్ఠ వేశాడాయన. భార్య ఒప్పుకుంటేనే సన్యాసమని నియమం. పైడమ్మ "మీ ఇష్టం" అనేసింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో మాత్రం ఈ మహానుభావుడు చూడలేదు. స్వామివారికి వాదించే అలవాటు లేదు. "సముద్రంలో తిమింగలం కనబడుతోందట. మీ ఆవిడనీ రమ్మను, వెళ్లి చూసొద్దాం. తర్వాత చెబుతాను" అన్నారు.

పైడమ్మ రైల్లో వచ్చింది. మర్నాడు ముగ్గురూ జీపులో ఘాట్ రోడ్డు దిగారు. ఓ పక్క కొండవాలంతా పసుప్పచ్చగా వలిసె పూలు, మరో పక్క లోయ నిండా మంచు. ఇదంతా మాయేనని జగ్గారావు కళ్లు మూసుకుని జపంలో పడ్డాడు. పడనిస్తేగా! మలుపు మలుపుకీ పైడమ్మకి కడుపులో తిప్పడం, జీపు ఆపడం. "ఓలమ్మ, పేగులు బయటికొచ్చేత్తన్నాయండీ" అని ఆవిడ రోడ్డు పక్కన కూలబడితే వీపు రాయాల్సిందీ ఈయనే, నిమ్మకాయ వాసన చూపించాల్సిందీ ఈయనే. విసుక్కుంటూనే అన్నీ చేశాడు. "చూశారా స్వామీ, సంసారం ఎలా వెంటపడుతోందో!" అన్నాడు.

ఒడ్డున ఇసుక దిబ్బమీద జనం. ఓ ముసలి జాలరి ముందే హెచ్చరించాడు: "కనబడితే వేలు సూపకండి బాబూ, అరవకండి. గంగమ్మ తల్లి బిడ్డది. దండం ఎట్టండి, అంతే." జగ్గారావు కళ్లు కాయలు కాచేలా చూశాడు. నీళ్లు తప్ప ఏమీ లేదు. ఇంతలో పైడమ్మ దాహమంది. ఆయన సముద్రానికి వీపు పెట్టి మరచెంబు అందించాడు. ఆవిడ అందుకోలేదు. ఆయన భుజం మీదుగా చూస్తూ రెండు చేతులూ జోడించింది. కళ్లు ఇంతలేసి అయ్యాయి, బుగ్గలమీద నీళ్లు జారుతున్నాయి. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో! "ఏమైందే?" అని అడిగి, సముద్రంవైపు తల తిప్పకుండా ఆ మొహాన్నే చూస్తూ నిలబడిపోయాడు. వెనక్కి తిరిగేసరికి నురగే మిగిలింది.

తిరుగు ప్రయాణంలో పైడమ్మ నోరు మూతపడితే ఒట్టు. "అయ్యబాబోయ్, మన గోదాం అంత వీపండీ! తోక ఇలాగ ఎత్తి..."

"ఆగాగు, తోక ఎలా ఎత్తింది? మొదట్నుంచీ చెప్పు."

ఆవిడ మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. ఘాట్ అంతా ఎక్కినా ఒక్కసారి కడుపులో తిప్పలేదు. ఆశ్రమం గేటు కనబడగానే మాత్రం మాట ఆగిపోయింది.

"ఆపేశావేం?"

"మీరు దిగిపోవాలి కదండీ."

జీపు ఆగింది. జగ్గారావు దిగలేదు. "స్వామీ, ఆ సన్యాసం సంగతి..." అని నసిగాడు.

స్వామివారు దిగి, డ్రైవరు భుజం తట్టారు. "జీపు తిప్పు నాయనా, అనకాపల్లి దాకా పోనీ. ఆవిడ చెప్పడం ఇంకా అవలేదు."