నీళ్ళలో కనబడని రాయి

శిష్యులు ప్రశ్న అడిగితే రుద్రమునయ్య స్వామికి ముందు చెప్పులు గుర్తొచ్చేవి. కూర్చున్నచోట జవాబు దొరకదని ఆయన నమ్మకం. ఎర్రమల కొండల కింద ఉన్న ఆయన మఠానికి కంబగిరి భక్తితో రాలేదు. మాటా మాటా పెరిగి అన్న తల పగలగొట్టి పారిపోయి వచ్చాడు. పన్నెండేళ్ళ తరువాత ఒక ఉదయం మూట కట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

“స్వామీ, తోటివాళ్ళు గ్రంథాలు గడగడ అప్పజెబుతున్నారు. నాకు ఒక్క శ్లోకం నిలవలేదు. నాకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఇన్నేళ్ళలో నాలో మిగిలిందేమిటి? ఇంటికి పోతాను.”

స్వామి చెప్పులు తొడుక్కుని నాపరాళ్ళ గని వైపు నడిచారు. కంబగిరి మూటతోనే వెంట వెళ్ళాడు. దారిలో ఎదురొచ్చిన రాళ్ళబండి గుంతలో దిగబడింది. అడ్డంగా నడిచాడని బండివాడు కంబగిరిని తల్లినీ తండ్రినీ కలిపి తిట్టాడు. కంబగిరి మూట గట్టున పెట్టి, చక్రానికి భుజం ఆనించి, బండిని పైకెక్కించి వచ్చాడు.

గనిలో ఓబులమ్మ ఉలితో రాతిపొరలు విడదీస్తోంది. రాళ్ళెలా పుడతాయో చెప్పమన్నారు స్వామి.

“సర్వే సారు చెప్పంగా విన్న్యా సామీ. ఏరు మోసుకొచ్చిందాన్ని బరువును బట్టి దించుతాదంట. జోరు తగ్గంగానే గులకరాళ్ళు, ఇంకా మందగిస్తే ఇసుక, నిలిచిన కాడ బురద. పొర మీద పొర పడి, పైబరువుకు బిగుసుకుని, గులకలది ఒక రాయి, ఇసుకది ఒక రాయి, బురదది ఒక రాయి అయితాది.”

“మరి ఈ నాపరాయి?” అన్నాడు కంబగిరి.

“ఇది ఏరు దొర్లించుకొచ్చింది గాదు నాయనా. నీళ్ళల్లో కరిగి కండ్లకు కనపడని సున్నం. ఒకప్పటి సముద్రం అడుగున దిగీ దిగీ ఇట్లా గట్టిపడింది. మా ఇండ్లన్నీ దీని మీదనే నిలబడినాయి.”

తిరుగుదారిలో కంబగిరి ఉండబట్టలేకపోయాడు. “రాళ్ళ సంగతి తెలిసింది స్వామీ. నా సంగతి?”

“బండివాడు అన్నేసి మాటలంటే ఊరుకున్నావే?”

“బండి దిగబడి ఉంది కదా స్వామీ.”

“అలా ఊరుకోమని ఏ శ్లోకంలో ఉంది?”

“గుర్తులేదు” అన్నాడు, సిగ్గుతో.

స్వామి అతని చేతిలోని మూట తీసుకుని తన భుజాన వేసుకున్నారు.

“నాపరాయి” అన్నారు.