అలుగు తల్లి అడిగిన ప్రశ్న

పిల్లలూ, అనగనగా ఒక వెదురు అడవిలో ఒక అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, ఇంత పొడుగు నాలుక. చీమలే దాని తిండి. భయమేసినా సిగ్గేసినా ఉండలా చుట్టుకుపోతుంది. దాని కూతురి పేరు మిణుకు. ఎక్కడికెళ్ళినా అమ్మ తోక మీదే సవారీ!

వాగు ఒడ్డున కొంగ పంతులమ్మ బడి నడిపేది. తడి ఇసుక మీద జంతువుల కాలిజాడలు గీసి, వాటిని చదవడం నేర్పేది. ఆ అడవిలో చదువంటే అదే. జాడ చదవడం రాని పిల్ల ఏదో ఒకరోజు దుమ్ములగొండి నోట్లో పడాల్సిందే. ఎముకల్నే పటపటా కొరికేసే దానికి పొలుసులొక లెక్కా?

మిణుకు బడిలో బాగానే చదివేది. తెల్లారేసరికి అంతా మరిచిపోయేది. దారిలో జాడ కనిపిస్తే, "అమ్మా, ఇదెవరిది?" అని అడిగేది. తల్లికి చదువు రాదు. సిగ్గుపడి ఉండ చుట్టుకునేది. తోక మీదున్న మిణుకు కూడా ఆ ఉండలోనే చిక్కుకుపోయేది. చీకట్లో ఇంకేం చదువు?

ఒకరోజు కొంగ ఆ తల్లిని పిలిచింది.

"మీ పిల్ల నా దగ్గర ఉండేది కాసేపే. మిగతా పొద్దంతా మీ తోక మీదే కదా. మీరూ చదివించాలమ్మా."

"నాకేం వచ్చని చదివించను పంతులమ్మా? పుట్టలు తవ్వుకునేదాన్ని."

"మీరేం చెప్పక్కర్లేదు. అడగండి చాలు. ఎవరిది? ఎటు పోయింది? ఎందుకు పోయింది?"

ఆ సాయంత్రమే దారిలో ఒక జాడ కనిపించింది. తల్లికి సిగ్గు ముంచుకొచ్చింది. తల లోపలికి వంగిపోతోంది. అయినా తమాయించుకుని, "ఎవరిదే ఇది?" అంది.

"కుందేలుది!"

"ఎటు పోయింది?"

"పొదలోకి!"

"ఎందుకు పోయింది?"

మిణుకు బుర్ర గోక్కుంది. ఇద్దరూ పొదలోకి తొంగిచూశారు. లోపల బుల్లి బుల్లి కుందేలు పిల్లలు! తల్లికి భలే సరదా వేసింది. అప్పట్నుంచి జాడ కనబడితే చాలు, తనే ముందు ఆగేది.

వానలు పడ్డాక ఒకరోజు ఇద్దరూ ఓ పెద్ద పుట్ట దగ్గరికి వెళ్ళారు. పుట్ట ముందు బురదలో ఒక జాడ ఉంది.

"ఎవరిది?"

"దుమ్ములగొండిది. ముందుకాళ్ళు పెద్దవి, వెనక్కాళ్ళు చిన్నవి."

"ఎటు పోయింది?"

"పుట్ట వెనక్కి."

"ఎందుకు?"

"నీడకేమో."

తల్లికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. పాత జాడేలే అనుకుని ఒక అడుగు ముందుకు వేసింది. అంతలో దానికి పంతులమ్మ చెప్పని అనుమానం ఒకటి వచ్చింది.

"మరి ఎప్పుడు పోయిందే?"

మిణుకు తోక మీంచి వంగి చూసింది. జాడలో నిలిచిన నీళ్ళు ఇంకా తేరలేదు, బురద బురదగానే ఉన్నాయి.

"ఇప్పుడే అమ్మా!" అని గుసగుసగా చెప్పింది.

తల్లి చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. పుట్ట వెనక దుమ్ములగొండి ఆవులింత వినిపించింది. వెదుళ్ళు దాటేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

మర్నాడు కొంగ ఇదంతా విని ఆశ్చర్యపోయింది. "ఎప్పుడు అని అడగమని నేను చెప్పలేదే! మీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. నాకే తెలుసుకోవాలనిపించింది."

కొంగ ఆ తల్లిని పిల్లల మధ్యలో కూర్చోబెట్టింది. ఇసుక మీద కొత్త జాడ గీసి, "ఇదెవరిదమ్మా?" అని ఆమెనే అడిగింది.

"నెమలిది!" అంది అలుగు తల్లి, మిణుకు కంటే ముందే.

నీతి: అమ్మకు చదువు రాకపోయినా, పక్కనుండి ఇష్టంగా అడిగితే పిల్లకు చదువు నిలుస్తుంది. అమ్మకూ వస్తుంది.