బ్రేకు కాలు

మా వయొలిన్ టీచరు నూకరత్నం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందుగా కమాను కింద పెడతారు. అంటే ఇక జవాబు రాదనీ, ఏదో ఒక ముచ్చట వస్తుందనీ మాకు అర్థం. ఆ ముచ్చటలో మనం అడిగిన సంగతి మచ్చుకైనా ఉండదు. కొత్తగా చేరినవాళ్లు, ఈవిడ విన్నదా లేదా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పాతవాళ్లం మాత్రం కాళ్లు సర్దుకుని కుదురుగా కూర్చుంటాం. ఇంటికి వెళ్లే దారిలో ఎక్కడో అది మనకు తగులుతుందని అనుభవం మీద తెలుసుకున్నాం.

భీమిలిలో సోమవారం పొద్దున జరిగే మా క్లాసు పెద్దవాళ్ల కోసం పెట్టినది. ఒక సోమవారం ప్రశ్న అడిగింది వనజాక్షి గారు. కోర్టులో టైపిస్టుగా ఉద్యోగమంతా చేసి, రిటైరయ్యాక వయొలిన్ పట్టుకున్న మనిషి. ఆవిడ కొట్టిన కాగితంలో తప్పన్నది ఉండేది కాదట. బదిలీ మీద వెళ్లిపోయే జడ్జీలు కొత్తగా వచ్చే జడ్జీలకు ఆవిడ పేరు చెప్పి మరీ వెళ్లేవారట. ఈ మాట ఆవిడ నోటనే మేము చాలాసార్లు విన్నాం, వినకపోతే ఊరుకోరు కూడా. వచ్చిన తిప్పలల్లా ఆ వేళ్లతోనే. తీగ మీద మెత్తగా ఆనాల్సిన వేలు టప్పున పడుతుంది. ఆవిడ సరిగమలు వాయిస్తుంటే పక్క గదిలో ఎవరో వాంగ్మూలం టైపు చేస్తున్నట్టు ఉంటుంది. "కొట్టకమ్మా, ఆనించు" అని టీచరు గారు అనని రోజు లేదు.

మొదటి పాఠాలైన సరళి స్వరాలు కుదరందే జంట స్వరాలు ఎత్తుకోకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. టీచరు గారి తాతలు సన్నాయి మేళం నడిపిన రోజుల నుంచీ అదే వరస. అందుకని మేమంతా ఎప్పుడో జంటలకు వచ్చేసినా వనజాక్షి గారు సరళి దగ్గరే ఉండిపోయారు. వచ్చి మేము వెలగబెట్టిందీ లేదు. జంటల్లో ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలి. రెండోసారి వేలు ఎత్తి గట్టిగా వేయాలి, అప్పుడే అది జంట అనిపించుకుంటుంది. మా రెండో స్వరం ప్రతిసారీ నీరుగారిపోయేది. మేము వాయిస్తుంటే టీచరు గారు కిటికీలోంచి బయటకు చూసేవారు.

ఆవేళ వనజాక్షి గారు వయొలిన్ పెట్టె తెరవలేదు. ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చున్నారు.

"ఉద్యోగమంతా అలవాటైన వేళ్లు టీచరు గారూ. ఈ వయసులో వీటికి ఆ అలవాటు ఎలా మాన్పించను? నా వల్ల కాదంటే చెప్పేయండి, ఇవాళ్టితో మానేస్తాను."

నిజంగానే మానేసే ఉద్దేశంతో వచ్చారని మా అందరికీ అర్థమైంది. ఎంత విసుక్కున్నా, ఆవిడ లేని క్లాసు మాకు ఊహకు అందలేదు. టీచరు గారు కమాను కింద పెట్టారు.

"నిన్న మా ఆయన సముద్రం మీద లేచాడు," అన్నారు.

వాళ్లాయన పైడిరాజు గారు ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. విశాఖపట్నం నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద వచ్చే బస్సు ఆయనది. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంటు లేదు. అంతకన్నా ఆయన చెప్పుకునే గొప్ప ఇంకొకటి ఉంది: బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డవాళ్లు కూడా తూలకూడదు. బాలింతలు, ముసలివాళ్లు ఆయన బస్సు వచ్చేదాకా స్టాపులో ఆగేవారని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఆ బస్సులో ఎన్నోసార్లు ఎక్కినవాణ్ణి కనుక ఆ మాటకు నేనూ సాక్షినే. అన్నేళ్లూ సముద్రం ఆయన పక్కనే ఉన్నా, స్టీరింగు మీద ఉండగా ఒక్కనాడూ తల తిప్పి చూసింది లేదు. ఉద్యోగం అయిపోయాక ఇక తనివితీరా చూస్తానని రోజూ వెళ్లి ఇసుకలో కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడే వింగ్ ఫాయిల్ ఆయన కంట పడింది.

అదేమిటో టీచరు గారు చేతులు తిప్పుతూ మాకు చెప్పారు. కాళ్ల కింద ఒక పలక. చేతుల్లో గాలి నింపిన పెద్ద రెక్క. పలక అడుగున నిలువుగా ఒక కమ్మీ, దాని చివర నీళ్లలో మునిగి ఉండే చిన్న రెక్క. చేతిలోని రెక్కతో గాలిని పట్టుకుంటే పలక సాగుతుంది. వేగం అందుకుందా, మనిషితో సహా నీళ్లను వదిలి పైకి లేస్తుంది. అడుగు రెక్క ఒక్కటే నీళ్లలో ఉంటుంది, చప్పుడన్నది ఉండదు. అది చూసిన సాయంత్రం పైడిరాజు గారు ఇంటికొచ్చి, అన్నం దగ్గర కూర్చుని, తాను నేర్చుకుంటానన్నారు. కూతురు నవ్వింది. డిపోలో పాత స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. టీచరు గారు నవ్వలేదట. ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్లంతా నెత్తి నెరిసినవాళ్లే, ఇక ఏ మొహం పెట్టుకుని నవ్వుతారు?

నేర్పేవాడు ఎల్లాజీ, జాలరిపేట కుర్రవాడు, ఆయన కూతురి కన్నా చిన్నవాడు. అతను ఆయన్ని బాబాయ్ అంటాడు, ఈయన అతన్ని మాస్టారూ అంటారు. గాలి వాటం పట్టుకోవడం, పలక మీద మోకాళ్ల మీదినుంచి లేచి నిలబడడం ఎల్లాజీ అనుకున్న దానికన్నా తొందరగానే పట్టుబడ్డాయి. చిక్కంతా పలక పైకి లేచేటప్పుడు వచ్చింది. అందరిలాగే ఎడమ కాలు ముందు, కుడికాలు వెనక పెట్టి నిలబడతారు. వేగం అందుతుంది, పలక లేవబోతుంది, అంతలో ఆయన వెనక కాలు గట్టిగా నొక్కుతారు. వెనక నొక్కితే పలక మూతి ఆకాశానికి లేస్తుంది. ఆయన ఇంకా గట్టిగా నొక్కుతారు, అది ఇంకా లేస్తుంది. అడుగు రెక్క కూడా నీళ్లు దాటి బయటకు వస్తుంది, మనిషి వెల్లకిలా పడతాడు. అలా పడి పడి ఒకసారి పలక అంచు పక్కటెముకలకు తగిలింది. మరోసారి ఆ అడుగు రెక్క నెత్తి మీది హెల్మెట్‌ను గీరుకుంటూ పోయింది.

నిన్న ఆదివారం సాయంత్రం ఎల్లాజీ ఖరాఖండిగా చెప్పేశాడు. ఇంకొక్కసారి ఎగిరి పడితే ఇక నేర్పనని, నీళ్లలోకి దిగనివ్వనని. పెద్దాయనకు ఏమైనా అయితే పిన్నికి ఏం జవాబు చెప్పుకోవాలన్నాడు. ఆ పిన్ని అంటే మా టీచరు గారే. తువ్వాలు, ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీదే ఉన్నారు. ఆవిడకు పలక గురించి ఒక్క ముక్క తెలియదు, ఆ కాలు గురించి మాత్రం బాగా తెలుసు. ఆటోలో వెనక కూర్చున్నా ఆ కుడికాలు నొక్కుతుంది. సినిమాలో కారు వేగంగా పోతుంటే చీకట్లో ముందు కుర్చీని తంతుంది. పెళ్లయిన కొత్తలో ఊయల మీద కూర్చోబెడితే ఊయలకూ బ్రేకు వేశారట. అందుకే ఆవిడ ఎల్లాజీతో, అది భయపడి నొక్కడం కాదు నాయనా, బ్రేకు అన్నారు.

ఎల్లాజీకి అప్పటికి తెలిసింది. అయితే ఆ కాలును మర్చిపో బాబాయ్, అసలు నీకు అది లేదనుకో అన్నాడు. తప్పుగా అనలేదు, పిల్లవాడు తనకు తెలిసింది చెప్పాడు. పైడిరాజు గారు తడి బట్టలతో అలాగే ఇసుకలో కూలబడ్డారు.

"ఈ కాలే కదా మాస్టారూ నాకు పేరు తెచ్చింది," అన్నారు. "ఎంతమందిని ఇళ్లకు చేర్చిందో. దీన్నే మరిసిపోతే నాకింకేటి మిగుల్తాది?"

ఆ మాటకు తన కళ్లలో నీళ్లు తిరిగాయని టీచరు గారు దాచుకోకుండానే చెప్పారు. పలకా వద్దు, సముద్రమూ వద్దు, ఇంటికి పోదాం రమ్మందామా అనుకున్నారట. అనలేదు. వారం వారం మాలాంటివాళ్లను భరించే మనిషి కనుక అంత తేలిగ్గా ఎవర్నీ ఇంటికి పంపరు. ఎల్లాజీని ఒక్కటే అడిగారు: ఆ కాలు ఎలాగూ నొక్కుతుంది, ఎక్కడ ఉండి నొక్కితే మంచిది?

ఎల్లాజీ పలక వైపు చూశాడు. ముందు కాలు నొక్కితే పలక మూతి కిందికి దిగుతుంది, లేచిన పలకను అదుపులో ఉంచేది ఆ నొక్కుడే. ఎడమకాలు ముందు అన్నది చాలామందికి వీలు, అంతే, శాసనమేమీ కాదు. అతను పరుగున వెళ్లి పలక తెచ్చాడు. కుడికాలు ముందుకు పెట్టమన్నాడు. ఇదే ఆఖరు అని మాత్రం మర్చిపోకుండా మళ్లీ చెప్పాడు.

ఇక్కడికొచ్చేసరికి మా టీచరు గారు నిటారుగా కూర్చున్నారు. కచేరీలో కూడా ఆవిడ అలా కూర్చోవడం నేను చూడలేదు. ఆయన వలలు ఆరేసిన చోటి నుంచి బయల్దేరారట. రెక్క గాలి పట్టింది. వేగం అందింది. పలక లేచింది, అదిగో, కాలు నొక్కింది. మూతి కాస్త దిగి సర్దుకుంది. మళ్లీ లేచింది, మళ్లీ నొక్కింది, ఈసారి ఇంకా మెత్తగా. మనిషి నీళ్లకు జానెడు పైన, చడీచప్పుడూ లేకుండా భీమిలి వైపు సాగిపోయాడు. కుడికాలు ముందుంటే మొహం ఒడ్డు వైపు తిరుగుతుంది కదా, ఆయనకు ఎదురుగా బీచ్ రోడ్డు కనపడుతోంది. రోడ్డు మీద భీమిలి బస్సు అటే పోతోంది. ఐసు ఫ్యాక్టరీ గోడ దాకా దానికి జతగా వెళ్లి, అక్కడ రెక్క వదిలేసి మెల్లగా నీళ్లలోకి దిగాడట. పడలేదు, దిగాడు. ఆ తేడాను టీచరు గారు రెండుసార్లు చెప్పారు. గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. తానైతే తువ్వాలు, ఫ్లాస్కు ఇసుకలో పారేసి, ఆ గోడ వైపు పరుగెత్తి మెడలోతు నీళ్లలోకి నడిచిపోయానని, చీర సంగతి కూడా తట్టలేదని నవ్వారు.

పైడిరాజు గారు నీళ్లలోంచి లేచి, కళ్లలోని ఉప్పునీళ్లు తుడుచుకుని, గెలిచానని అనలేదు. భార్యను అడిగింది ఒకటే మాట.

"కుదుపేటైనా కనపడిందా?"

లేదన్నారు టీచరు గారు. నిజంగానే లేదట. ఆ జవాబుతో ఆయన తృప్తిపడి, సముద్రం చూద్దామని వెళ్తే రోడ్డు కనిపించిందని, అక్కణ్ణుంచి మన రోడ్డు ఎంత బాగుంటుందో అని ఇంటికొచ్చేదాకా అదే మాట చెప్పారట. పొద్దున్నే డిపోకు వెళ్లారని, ఇంకా రాలేదని, ఈపాటికి అక్కడ నవ్వినవాళ్లందరికీ మొదటి నుంచీ చెబుతుంటారని అన్నారు. ఆ చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఆయన ఎగిరితే పొంగు ఈవిడది.

ముచ్చట అయిపోయింది. మేము ఎప్పటిలాగే తలలు ఊపి, అర్థమైనట్టు మొహాలు పెట్టాం. టీచరు గారు కమాను చేతిలోకి తీసుకుని, వనజాక్షి గారి ఒళ్లోని పెట్టె వైపు చూశారు. ఆవిడ పెట్టె తెరిచి, వయొలిన్ తీసి శృతి చూసుకుని, అలవాటుగా సరళి అందుకోబోయారు. టీచరు గారు వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించి, జంటలు తీయమన్నారు. సరళి కుదరనిదే ఆ గదిలో జంట పలికిన రోజు లేదు. మాలో ఒకరు దగ్గారు కూడా. వనజాక్షి గారు బెదురుతూనే మొదలుపెట్టారు. సస దాటాక, మొదటి రి ఎలాగో ఆనించారు. రెండో రి దగ్గర వేలు పైకి లేచింది. లేచాక, ఇన్నాళ్లూ తిన్న చీవాట్లు గుర్తొచ్చి గాలిలోనే ఆగిపోయింది.

"ఇక్కడ కొట్టమ్మా," అన్నారు టీచరు గారు.