అటక మీది కట్టెలు

విరూపాక్ష స్వామిని ఏదైనా అడిగితే ఆ రోజున జవాబు చెప్పేవారు కాదు. పని చెప్పేవారు. హిమాలయాల్లో ఒక చిన్న పల్లె చివర ఆయన ఇల్లు. ఆయన తెలుగువారే. వయసు డెబ్బై ఎనిమిది, రొమ్ములో ఎప్పుడూ పిల్లికూతలు.

కార్తీకంలో ఆయన దగ్గర శిష్యుడిగా చేరిన పేరయ్యది అంతర్వేది దగ్గర సముద్రపు పల్లె. ఒక రోజు మధ్యాహ్నం రేడియోలో, రెండు రోజుల్లో మంచు తుఫాను రావచ్చు, రాకపోనూ వచ్చు అని చెప్పారు. అది విన్నప్పటి నుంచి అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏడు తుఫాన్లు చూశానండి స్వామీ. అన్ని చూసినోడికి కూడా భయం పోదేమండి?"

స్వామి దగ్గి, ఇల్లు సిద్ధం చెయ్యమన్నారు. కుంపటి మాత్రం ఆరనివ్వవద్దన్నారు. అది ఆరితే ఆ రొమ్ముకు ఏమవుతుందో పేరయ్యకు వేరే చెప్పనక్కర్లేదు.

తుఫానుకు ఇల్లు సిద్ధం చెయ్యడం పేరయ్యకు కొట్టిన పిండి. కప్పును తాళ్ళతో బిగించాడు. వరదొస్తే తడవకుండా కట్టెలన్నీ అటకెక్కించాడు. తాగే నీళ్ళకు కరువు రాకుండా మట్టికుండలన్నీ అంచుల దాకా నింపాడు. గాలి లోపల చిక్కుకుని కప్పు లేపెయ్యకుండా, గాలివాలుకు అవతలి పక్క కిటికీ జానెడు తెరిచి ఉంచాడు. అతని తండ్రీ తాతా అలాగే చేసేవారు.

పాలు పోసే బసంతి వచ్చి ఇదంతా చూసింది. కుండల్లో సగం నీళ్ళు పారబోసింది, కిటికీ మూసింది, పశువుల పాకలో ఉన్న పారను తెచ్చి వంటింట్లో పెట్టింది. పేరయ్యకు ఒళ్ళు మండింది. తుఫానుకు ముందు నీళ్ళు పారబోసే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆమె అటు వెళ్ళగానే కుండలు మళ్ళీ నింపాడు, కిటికీ మళ్ళీ తెరిచాడు, పొయ్యి దగ్గర పారేమిటని దాన్ని తిరిగి పాకలో పడేశాడు. స్వామి మూలన కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు.

తుఫాను వచ్చింది. పేరయ్య ఎదురుచూసిన హోరు లేదు, ఉప్పెన లేదు. తెల్లవారేసరికి కుండలన్నీ పగిలి, నీళ్ళు కుండ ఆకారంలోనే గడ్డకట్టి నిలబడి ఉన్నాయి. గాలి రాత్రికి రాత్రే దిక్కు మార్చుకుంది. కిటికీలోంచి కొట్టిన మంచుకు కుంపటి ఆరిపోయింది, గూట్లో అగ్గిపెట్టె నానిపోయింది. తలుపు తీస్తే ఎదురుగా మంచు గోడ. తవ్వడానికి పార పాకలో ఉంది. స్వామి పెదవులు నల్లబడుతున్నాయి. పేరయ్య తన దుప్పటి కూడా ఆయనకు కప్పి, ఒట్టి చేతులతో మంచు గోకుతూ ఏడ్చాడు. తను చెయ్యని పని ఏమిటో ఎంత ఆలోచించినా అతనికి తోచలేదు. అన్నీ చేశాడు.

పొద్దెక్కాక బయట పార చప్పుడైంది. బసంతి మంచు తవ్వుకుంటూ వచ్చింది. ఆమె రెండో చేతిలో పాత మూకుడు, అందులో బూడిద కప్పిన నిప్పులు. పేరయ్య గబగబా అటకెక్కి ఓ గుప్పెడు పుల్లలు దించాడు. అవి ఎండుగా, గలగలలాడుతూ ఉన్నాయి. తన ఇంటి కట్టెలు సగం తడిసిపోయాయంటూ బసంతి ఆ పుల్లలను తడిమి చూసి, అటక వైపు రెండుసార్లు చూసింది.

పేరయ్యకు ఇంకా అయోమయం పెరిగింది.

"నాకు తెలిసిందంతా వదిలెయ్యమంటారా అండి?" అని అడిగాడు.

స్వామి చాలాసేపు దగ్గారు.

"మరి కట్టెల సంగతి?"

"పోనీ, ఉంచుకోమంటారా?"

"మరి కిటికీ సంగతి?"

పేరయ్య పుల్లలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ముందే చెప్పి ఉంటే ఇంత ప్రమాదం తప్పేది కదా అని గొణిగాడు. అతని గొంతులో కోపం ఉంది. ఆ కోపం కింద, స్వామి పోతారేమోనన్న భయం ఇంకా వణుకుతూనే ఉంది.

స్వామి చేతులు మూకుడు వైపు చాచారు.

"కట్టెలు నీవి. నిప్పు ఆవిడది. ముందు రాజెయ్యి, నాయనా."