గోడకు తెలియని పూత

బొబ్బిలిలో మా గురువు విశ్వపతి గారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. వైరాగ్యం గురించి అడిగినాయన చేత మూడు రోజులు చింతపండు పిక్క తీయించారు. నేను ఏకాగ్రత అంటే ఏమిటని అడిగి, ఆయన పాత పుస్తకాలన్నిటికీ అట్టలు వేశాను. అందుకని ఆదివారం సాయంత్రాలు ఆయన ఇంటి హాల్లో కూర్చుని చదువుకునే మా పదిమందిలో, ఒళ్ళు వంగేవాళ్ళకే సందేహాలుండేవి. మిగతావాళ్ళకి అన్నీ అర్థమైపోయేవి.

అలాంటిది ఒక ఆదివారం డ్రాయింగు మాష్టారు భానుమూర్తి లేచి, "గురువుగారూ, క్షమించమని అడిగాను. ఆవిడ సరేనంది. అయినా మనసులు ఎందుకు కలవడం లేదండీ?" అన్నాడు.

ఆవిడ అంటే ఎవరో మాకు తెలుసు. సాలూరులో ఉండే వాళ్ళక్క సుభద్రమ్మ. తండ్రి పోయాక భానుమూర్తిని చంకనేసుకు పెంచిన మనిషి. తర్వాత తల్లి మంచాన పడితే నాలుగేళ్ళు తన ఇంట్లోనే పెట్టుకుని చూసింది. ఆ తల్లి పోయిన పదకొండో రోజున, చుట్టాలందరి ముందూ, భానుమూర్తి అక్కని ఏదో అన్నాడు. ఏమన్నాడో మాకెన్నడూ చెప్పలేదు. "నోరు జారాను" అనేవాడు, అంతే. అది జరిగి ఐదేళ్ళయింది.

"కోపంగా ఉంటే బాగుండునండీ," అన్నాడు భానుమూర్తి. "ఏటా ఉగాదికి వెళ్తాను. 'ఏదైనా తప్పుగా మాట్లాడి ఉంటే మనసులో పెట్టుకోకక్కా' అంటాను. 'అయ్యో, అంత మాటెందుకు, నాకేం లేదు' అంటుంది. నన్ను ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి, ఇప్పుడు రండి, కూర్చోండి అంటుంది. అతిథులకిచ్చే పింగాణీ కప్పులో కాఫీ ఇస్తుంది. ఆవిడకి డెబ్బై దాటాయి. ఇలా ఉండగానే ఏదో ఒకరోజు కబురొస్తుందేమోనని నా భయం."

మాకూ కష్టంగానే అనిపించింది. గురువుగారు అంతా విని, వెనక్కి తిరిగి గోడ వైపు చూసి, "ఈ పగులు సంగతి చూడాలి భానుమూర్తీ. రేపు మేస్త్రి వస్తాడు, నువ్వు కాస్త దగ్గరుండు," అన్నారు.

ఆ గోడకీ భానుమూర్తికీ పాత పరిచయమే. ఇల్లు నూరేళ్ళ నాటిది, సున్నంతో కట్టినది. హాల్లో ద్వారబంధం పైనుంచి నేల దాకా ఒక పగులు దిగింది. ప్రతి వేసవిలోనూ భానుమూర్తి దాన్ని సిమెంటుతో పూడ్చి, గోడంతటికీ కొత్త రంగు వేసేవాడు. బొమ్మలు వేసే చెయ్యి కదా, పగులు ఎక్కడుండేదో వెతికినా దొరికేది కాదు. వానలు వెలిసేసరికి అదే మళ్ళీ కనబడేది. ఇంటివాళ్ళకంటే ముందు అతనికే కనబడేది, పాపం.

సోమవారం పొద్దున్నే లచ్చన్న మేస్త్రి వచ్చాడు. నేనూ ఉన్నాను, వింత చూడ్డానికి. లచ్చన్న తాపీ పిడితో పగులు పొడవునా అక్కడా ఇక్కడా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. అన్నిచోట్లా డొల్లగా మోగింది.

"ఇది ఎవులు పూసినారు బాబూ?" అన్నాడు.

"నేనే," అన్నాడు భానుమూర్తి, కొంచెం మెప్పు కోసం చూస్తూ.

"నున్నగా పూసినారు. గోడకే తెలీనేదు, పాపం."

అని ఉలి, సుత్తి తీసుకుని పగులు మీద మొదలుపెట్టాడు. సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడి పడింది. పోయినేటి చందనం రంగు, దాని కింద లేతాకుపచ్చ, దాని కింద ఆకాశం రంగు, భానుమూర్తి చేసిన వేసవి పనులన్నీ వరసగా నేల మీద పడ్డాయి. వెంట్రుకంత పగులు వేలంత అయింది, వేలంతది బెత్తెడయింది. లచ్చన్న ఆగడం లేదు.

భానుమూర్తి అడ్డం వచ్చాడు. "పూడ్చమంటే పెంచుతున్నావేమిటయ్యా! గోడ ఉంటుందా, ఊడుతుందా?"

"గట్టి తగిలే వరకూ ఇప్పాల బాబూ. ఇప్పకుండా పైపైన పెడితే అదెక్కడ పట్టుకుంటాది?"

ద్వారబంధం పైన ఒకచోట ఉలి ఆగింది. లచ్చన్న ఊది దుమ్ము పోగొట్టి చూపించాడు. లోపల ఒక ఇటుక రెండు ముక్కలై ఉంది. "అదిగో, ఆ ఒక్క ఇటికే. మిగతాదంతా దాని ఎనకాల వచ్చిందే."

భానుమూర్తి ఆ ఇటుక విరిగిన చోట వేలు పెట్టి చూశాడు. తర్వాత మేస్త్రి చెప్పిన పనల్లా చేశాడు. పీచు కుంచెతో పగుల్లోని దుమ్మంతా దులిపాడు, చెంబులతో నీళ్ళు చల్లాడు. ఎండిన గోడ ఆ నీళ్ళని గటగటా తాగేసింది. లచ్చన్న విరిగిన ఇటుక తీసి కొత్తది పెట్టి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి నూరిన సున్నంతో రెండు రోజుల్లో పగులంతా నింపాడు. తెల్లటి చార మిగిలింది, ఎంత దూరం నుంచైనా కనిపించేటట్టు. దాని మీద రంగు వేస్తానని భానుమూర్తి అడగకపోవడం చూసి నాకు ఆశ్చర్యమేసింది.

వెళ్తూ వెళ్తూ లచ్చన్న భానుమూర్తికి ఒకటే చెప్పాడు. "పది రోజులు తడి ఆరనీకండి బాబూ. పూటపూటా నీళ్ళు సల్లాల. ఆరిపోనాదంటే మళ్ళీ మొదటికే."

తరవాతి ఆదివారం భానుమూర్తి ఆలస్యంగా వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. పొద్దున్న బస్సుకి సాలూరు వెళ్ళి, తిన్నగా అక్కడినుంచే వస్తున్నాడట. గురువుగారి ముందు చతికిలబడి, అందరం వింటున్నామన్న ధ్యాస కూడా లేకుండా చెప్పాడు.

"వంటింట్లో కత్తిపీట దగ్గర కూర్చుని బెండకాయలు తరుగుతోందండీ. 'రండి' అంది. నేను నించునే చెప్పాను. 'అక్కా, పదకొండో రోజున అందరి ముందూ నేనన్న మాట ఇది: అమ్మ నా దగ్గరుంటే ఇంకో రెండేళ్ళు బతికేది. అది అబద్ధం. నీలా నేను ఒక్క నెల కూడా చూడలేకపోయేవాణ్ణి. అది తెలిసే అన్నాను,' అని."

మాలో ఎవరికీ తల ఎత్తబుద్ధి కాలేదు. ఐదేళ్ళుగా అతను 'నోరు జారాను' అంటున్నది ఈ మాట గురించా అనిపించింది.

"ఏమంది?" అన్నారు గురువుగారు.

"ఏమంటుందండీ, అంతా చెడిపోయింది. ముందున్నది కూడా పోగొట్టుకున్నాను. కత్తిపీట పక్కకి తోసేసి లేచింది. 'నాలుగేళ్ళలో ఒక్క రాత్రి నేను కంటినిండా నిద్రపోయానేమిట్రా? పండక్కొచ్చి మంచం పక్కన అరగంట కూర్చుని పోయేవాడివి, ఆ మాటనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?' అని మొదలుపెట్టి, బావగారు వచ్చి ఆపినా ఆగలేదు. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. కాఫీ మాట దేవుడెరుగు, మంచినీళ్ళైనా ఇవ్వలేదు. నేను గుమ్మం దిగుతుంటే వెనకనుంచి గొడుగు విసిరేసింది. 'వాన పడేలా ఉంది, తీసుకుని చావు' అంది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు గురువుగారూ. ఇంక ఆ గడప ఎలా తొక్కను?"

తడిసిన గొడుగు అతని ఒళ్ళోనే ఉంది. మేమంతా దాని వైపే చూస్తున్నాం, అతను మాత్రం చూడడం లేదు. గురువుగారు లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ తెల్లటి చార మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"ఇంకా పచ్చిగానే ఉంది భానుమూర్తీ," అన్నారు. "ఈ పూట నీళ్ళు చల్లావా?"